డేటాబేస్ బ్యాకప్, రికవరీ

డేటాబేస్‌లోని సమాచారానికి నకలు తీసి వేరొకచోట భద్రపరచడాన్ని బ్యాకప్ అంటారు. అసలు పోయినా, పాడైనా ఆ నకలు ఆధారంగా డేటాబేస్‌ను మళ్లీ పనిచేసే స్థితికి తేవడం రికవరీ. నడుస్తున్న డేటాబేస్‌ను మామూలు ఫైలులా కాపీ చేసుకోవడం కుదరదు. కాపీ జరుగుతున్న కొద్ది నిమిషాల్లోనే వందల లావాదేవీలు ఆ ఫైళ్లను మారుస్తుంటాయి. దాంతో ముందు కాపీ అయిన భాగానికీ ఆఖర్న కాపీ అయిన భాగానికీ పొంతన ఉండదు. అందుకే ప్రతి డేటాబేస్ వ్యవస్థకూ దాని అంతర్నిర్మాణం తెలిసిన ప్రత్యేక పరికరాలు ఉంటాయి. డీబీఏ అని పిలిచే డేటాబేస్ అడ్మినిస్ట్రేటర్ నేర్వవలసిన విద్యల్లో వీటి వాడకం ముఖ్యమైనది. ఈ విద్యలో బ్యాకప్ తీయడం తేలిక భాగం. తీసిన బ్యాకప్ నుంచి డేటాను వెనక్కి తేవడానికే ఎక్కువ సాధన కావాలి.

నష్టానికి దారులు

డేటా పోవడానికి కారణాలను అయిదు తరగతులుగా చూడవచ్చు. మొదటిది యంత్రలోపం: డిస్క్ చెడిపోవడం, కరెంటు పోయి రాతలు సగంలో ఆగడం, డిస్క్ బ్లాకులు పాడవడం. రెండోది మనిషి పొరపాటు: ‘వేర్’ షరతు మరిచి డిలీట్ ఆదేశం ఇవ్వడం, టెస్ట్ సర్వర్ అనుకుని అసలు సర్వర్‌లో టేబుల్‌ను డ్రాప్ చేయడం. మూడోది సాఫ్ట్‌వేర్ దోషం: అప్లికేషన్ కొత్త వెర్షన్ ఎవరూ గమనించకుండా రోజుల తరబడి తప్పు విలువలు రాస్తూ పోవడం. నాలుగోది కావాలని చేసే దాడి. 2017 మేలో ప్రపంచమంతా పాకిన వన్నాక్రై రాన్సమ్‌వేర్‌కు ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖ కంప్యూటర్లు కూడా కొన్ని చిక్కాయి. అయిదోది అగ్నిప్రమాదం, వరద వంటివి. ఫ్రాన్స్‌లోని స్ట్రాస్‌బర్గ్‌లో ఓవీహెచ్ సంస్థ డేటా సెంటర్ భవనం ఒకటి 2021 మార్చి 10న కాలిపోయింది. బ్యాకప్‌ను కూడా అదే ప్రాంగణంలో ఉంచుకున్న ఖాతాదారుల్లో కొందరు అసలునూ నకలునూ ఒకేసారి పోగొట్టుకున్నారు.

డిస్కులను జతలుగా వాడే రెయిడ్ పద్ధతి, డేటాబేస్‌కు మరో సర్వర్‌లో సజీవ ప్రతి నడిపే రెప్లికేషన్ బ్యాకప్‌కు ప్రత్యామ్నాయాలని కొత్తవారు పొరబడుతుంటారు. ఇవి ప్రధానంగా యంత్రలోపం నుంచి కాపాడతాయి. అసలు సర్వర్‌లో టేబుల్‌ను డ్రాప్ చేస్తే ఆ ఆదేశం క్షణాల్లో రెండో సర్వర్‌కూ చేరి అక్కడి టేబుల్‌నూ తీసేస్తుంది. రెప్లికా ఎంత చురుగ్గా ఉంటే తప్పు అంత త్వరగా దానికీ అంటుతుంది.

చిట్టా, ఆవర్జా: లాగ్ సూత్రం

రికవరీ అంతా ఒక పాత లెక్కల సూత్రం మీద నడుస్తుంది. తెలుగు వర్తకుల పద్దుల్లో చిట్టా, ఆవర్జా అని రెండు పుస్తకాలుండేవి. జమాఖర్చులు జరిగిన వరుసలో ముందు చిట్టాకు ఎక్కేవి. తర్వాత తీరిక చూసుకుని గుమాస్తా వాటిని పేరువారీగా ఆవర్జాలోకి ఎత్తి రాసేవాడు. ఆవర్జా తడిసి పాడైనా భయం లేదు. దాని పాత నకలు ఒకటీ, ఆనాటి నుంచి రాసిన చిట్టాలన్నీ ఉంటే కొత్త ఆవర్జా కట్టుకోవచ్చు.

డేటాబేస్‌లో ఆవర్జా స్థానం డేటా ఫైళ్లది, చిట్టా స్థానం లాగ్‌ది. మార్పు ముందు లాగ్‌లోకి వెళ్తుంది. లాగ్ డిస్క్‌కు చేరాకే లావాదేవీ పూర్తయిందని వ్యవస్థ ఒప్పుకుంటుంది. డేటా ఫైళ్లు ఆ తర్వాత నింపాదిగా మారతాయి. ఈ లాగ్‌ను ఒరాకిల్‌లో రీడో లాగ్ అనీ, పోస్ట్‌గ్రెస్‌లో రైట్ ఎహెడ్ లాగ్ లేదా వాల్ అనీ, ఎస్‌క్యూఎల్ సర్వర్‌లో ట్రాన్సాక్షన్ లాగ్ అనీ అంటారు. మైఎస్‌క్యూఎల్‌లో రెండు లాగ్‌లు ఉంటాయి. సర్వర్ హఠాత్తుగా ఆగినప్పుడు కోలుకోవడానికి ఇన్నోడీబీ రీడో లాగ్, మార్పులను మళ్లీ వర్తింపజేయడానికి బైనరీ లాగ్ పనికొస్తాయి.

ఈ సూత్రానికి పునాది 1970లలో ఐబీఎం పరిశోధనశాలలో నడిచిన సిస్టమ్ ఆర్ ప్రాజెక్టులో పడింది. లావాదేవీల సిద్ధాంతానికి రూపమిచ్చిన జిమ్ గ్రే అందులో పనిచేశారు. ఆయనకు 1998 ట్యూరింగ్ అవార్డు లభించింది. లావాదేవీకి ఉండవలసిన నాలుగు లక్షణాలకు ‘యాసిడ్’ అనే పొడిపేరును 1983లో థియో హార్డర్, ఆండ్రియాస్ రాయిటర్ పెట్టారు. ఐఐటీ మద్రాసులో చదివి ఐబీఎంలో పరిశోధకుడైన సి. మోహన్, సహచరులతో కలిసి 1992లో ‘ఏరీస్’ అనే రికవరీ పద్ధతిని ప్రచురించారు. అందులో రికవరీ మూడు విడతల్లో సాగుతుంది. ఆగిన క్షణానికి ఏ లావాదేవీలు నడుస్తున్నాయో మొదట తేల్చుకుంటుంది. తర్వాత లాగ్‌లోని మార్పులను వరుసగా మళ్లీ చేస్తుంది. చివరికి పూర్తికాని లావాదేవీల మార్పులను వెనక్కి తీస్తుంది. తర్వాతి కాలపు డేటాబేస్ వ్యవస్థల మీద ఈ పద్ధతి ప్రభావం చాలా ఉంది.

కరెంటు పోయి సర్వర్ ఆగితే తిరిగి మొదలుకాగానే ఈ పని దానంతటదే జరుగుతుంది. దీన్ని క్రాష్ రికవరీ అంటారు. డేటా ఫైళ్లే పోయినప్పుడు మాత్రం బ్యాకప్ కావాలి, మనిషి చేయీ పడాలి.

బ్యాకప్ రకాలు

తీసే పద్ధతిని బట్టి బ్యాకప్ తార్కికం, భౌతికం అని రెండు విధాలు. తార్కిక బ్యాకప్ టేబుళ్ల నిర్మాణాన్నీ వరుసలనూ ఎస్‌క్యూఎల్ ఆదేశాలుగానో ప్రత్యేక ఫార్మాట్‌లోనో రాసిపెడుతుంది. దీన్ని వాడుకలో డంప్ అంటారు. ఒక్క టేబుల్‌నే వెనక్కి తేవడానికీ, కొత్త వెర్షన్‌కు మారడానికీ ఇది అనువైనది. డేటా పెరిగేకొద్దీ దీనితో రిస్టోర్ నెమ్మదిస్తుంది, ఎందుకంటే ప్రతి వరుసనూ మళ్లీ చేర్చి ఇండెక్సులన్నీ మళ్లీ కట్టాలి. భౌతిక బ్యాకప్ డేటా ఫైళ్లను ఉన్నవి ఉన్నట్టు తీసుకుంటుంది. పెద్ద డేటాబేస్‌లకు ఇదే తగినది. అయితే సాధారణంగా అదే వ్యవస్థ, అదే ప్రధాన వెర్షన్ ఉన్నచోటే దాన్ని రిస్టోర్ చేయగలం.

డేటాబేస్‌ను ఆపి తీసేది కోల్డ్ బ్యాకప్, నడుస్తుండగా తీసేది హాట్ బ్యాకప్. హాట్ బ్యాకప్‌లో ఫైళ్ల మధ్య పొంతన తప్పడం సహజం. బ్యాకప్ మొదలైనప్పటి నుంచి ముగిసేదాకా పుట్టిన లాగ్‌ను రిస్టోర్ సమయంలో వర్తింపజేస్తే ఆ తేడా సరిపోతుంది. కాబట్టి ఆ లాగ్ లేని హాట్ బ్యాకప్ పనికిరాదు.

పరిమాణాన్ని బట్టి ఫుల్, డిఫరెన్షియల్, ఇంక్రిమెంటల్ అని మూడు రకాలు. ఆదివారం ఫుల్ బ్యాకప్ తీసి, మిగతా రోజుల్లో రాత్రిపూట చిన్న బ్యాకప్‌లు తీస్తున్నారని, గురువారం మధ్యాహ్నం డిస్క్ పోయిందని అనుకుందాం. చిన్నవి ముందురోజు తర్వాత మారినదాన్ని మాత్రమే పట్టుకునే ఇంక్రిమెంటల్ అయితే ఆది, సోమ, మంగళ, బుధవారాల నాలుగు బ్యాకప్‌లూ కావాలి. అందులో ఒక్కటి పాడైనా దాని తర్వాతివి పనికిరావు. ఆదివారం నుంచి మారినదంతా పట్టుకునే డిఫరెన్షియల్ అయితే ఆది, బుధవారాలవి రెండూ చాలు. మొదటి పద్ధతిలో డిస్క్ చోటు కలిసివస్తుంది, రెండో పద్ధతిలో రిస్టోర్ వేళ చిక్కు తగ్గుతుంది.

ప్రధాన పరికరాలు

ఒరాకిల్‌లో ప్రధాన పరికరం రికవరీ మేనేజర్. ఆర్‌మ్యాన్ అని పిలిచే ఇది ఒరాకిల్ 8తో వచ్చింది. బ్యాకప్ తీస్తూనే బ్లాకులు చెడిపోయాయేమో చూస్తుంది, ఏ బ్యాకప్ ఎక్కడుందో తానే లెక్క పెట్టుకుంటుంది. దాని ఆదేశాల్లో ఒక తేడా కొత్తవారికి ఈ విషయమంతటినీ విప్పి చెబుతుంది. ‘రిస్టోర్’ అంటే బ్యాకప్ నుంచి ఫైళ్లను తెచ్చి వాటి స్థానంలో పెట్టడం. ‘రికవర్’ అంటే ఆ ఫైళ్లపై లాగ్‌ను వర్తింపజేసి ముందుకు నడపడం. పాత ఆవర్జాను బల్ల మీద పెట్టడం మొదటిదైతే, చిట్టా చూసి దాన్ని పూరించడం రెండోది. డేటాబేస్ ఆర్కైవ్‌లాగ్ మోడ్‌లో లేకపోతే పాత రీడో లాగ్‌ల మీదే వ్యవస్థ కొత్తవి రాసేస్తుంది. అప్పుడు బ్యాకప్ తీసిన క్షణం వరకే వెనక్కి రాగలం.

మైక్రోసాఫ్ట్ ఎస్‌క్యూఎల్ సర్వర్‌లో బ్యాకప్, రిస్టోర్ ఆదేశాలు డేటాబేస్ భాషలోనే ఉంటాయి. సింపుల్, ఫుల్, బల్క్-లాగ్డ్ అని మూడు రికవరీ మోడళ్లున్నాయి. సింపుల్‌లో లాగ్ బ్యాకప్ తీయడం కుదరదు. వరుసగా పలు బ్యాకప్‌లను రిస్టోర్ చేసేటప్పుడు చివరిది మినహా అన్నిటికీ ‘నో రికవరీ’ అని చెప్పాలి. అది మరిస్తే డేటాబేస్ తెరుచుకుంటుంది, తర్వాతి లాగ్ బ్యాకప్‌లను తీసుకోదు, పని మొదటికొస్తుంది.

మైఎస్‌క్యూఎల్‌లో తార్కిక బ్యాకప్‌కు మైఎస్‌క్యూఎల్‌డంప్ ఉంది. ఇన్నోడీబీ టేబుళ్లకు ‘సింగిల్ ట్రాన్సాక్షన్’ ఐచ్ఛికం ఇస్తే టేబుళ్లకు తాళం వేయకుండానే పొంతన ఉన్న డంప్ వస్తుంది. భౌతిక బ్యాకప్‌కు పెర్కోనా సంస్థ ఓపెన్ సోర్స్ పరికరం ఎక్స్‌ట్రాబ్యాకప్ బాగా వాడుకలో ఉంది. బైనరీ లాగ్‌ను చదివి మార్పులను తిరిగి వర్తింపజేయడానికి మైఎస్‌క్యూఎల్‌బిన్‌లాగ్ ఉంది. వెర్షన్ 8.0 నుంచి బైనరీ లాగ్ ముందుగానే అమర్చి వస్తుంది, దాని ఫైళ్లు మామూలుగా 30 రోజులు నిలుస్తాయి.

పోస్ట్‌గ్రెస్‌లో పీజీ-డంప్ ఒక డేటాబేస్‌ను డంప్ చేస్తుంది. యూజర్లు, వారి పాస్‌వర్డ్‌లు సర్వర్ మొత్తానికి చెందినవి కాబట్టి అందులోకి రావు, వాటిని పీజీ-డంప్-ఆల్‌తో వేరుగా తీయాలి. మొత్తం సర్వర్‌కు భౌతిక నకలు తీసేది పీజీ-బేస్‌బ్యాకప్. కోరిన క్షణానికి రికవరీ చేసే సదుపాయం 2005లో విడుదలైన 8.0తో వచ్చింది. 2024లో విడుదలైన వెర్షన్ 17లో ఇంక్రిమెంటల్ బ్యాకప్ చేరింది. చాలా సర్వర్లను ఒకచోట నుంచి చూసుకునేవారు పీజీ-బ్యాక్‌రెస్ట్, బార్మన్ వంటి పరికరాలు వాడతారు.

నేర్చుకునే క్రమం

హైదరాబాద్ అమీర్‌పేట శిక్షణ కేంద్రాల్లో ఒరాకిల్ డీబీఏ కోర్సు ఏళ్లుగా నడుస్తోంది. ఆర్‌మ్యాన్ ఆ పాఠ్యక్రమంలో తప్పనిసరి అంశం. సొంతంగా నేర్చుకునేవారికి మామూలు ల్యాప్‌టాప్, అందులో ఒకటి రెండు వర్చువల్ మెషిన్లు చాలు. పోస్ట్‌గ్రెస్, మైఎస్‌క్యూఎల్ కమ్యూనిటీ ఎడిషన్ ఉచితం. ఎస్‌క్యూఎల్ సర్వర్, ఒరాకిల్‌లకు కూడా అభ్యాసానికి పనికొచ్చే ఉచిత ఎడిషన్లు ఉన్నాయి.

మొదటి మెట్టులో చిన్న డేటాబేస్‌ను డంప్ చేసి వేరే పేరుతో రిస్టోర్ చేయాలి. రెండిట్లో వరుసల సంఖ్య సరిపోలాలి. రెండో మెట్టులో అదే డంప్‌ను మరో మెషిన్‌లో రిస్టోర్ చేయాలి. యూజర్ లేడనీ, ఎక్స్‌టెన్షన్ లేదనీ అక్కడే లోపాలు బయటపడతాయి. డేటాబేస్ ఒక్కటే బ్యాకప్ చేస్తే సరిపోదనీ, సెట్టింగుల ఫైళ్లు, యూజర్ల వివరాలు కూడా కావాలనీ ఈ మెట్టులో తెలుస్తుంది. మూడో మెట్టు భౌతిక బ్యాకప్, లాగ్ కలిపి కోరిన క్షణానికి రికవరీ. నాలుగో మెట్టులో కావాలనే పాడుచేసి చూడాలి: ఒక డేటా ఫైలు తీసేయడం, లాగ్ వరుసలో నడుమనున్న ఒక ఫైలు దాచేయడం వంటివి. అప్పుడు పరికరం ఏ హెచ్చరిక ఇస్తుందో ముందే చూసి ఉంటే అసలు ప్రమాదంలో కంగారు ఉండదు.

ఒక సాధన

పోస్ట్‌గ్రెస్‌లో మూడో మెట్టు ఇలా ఉంటుంది. ‘ఫీజులు’ అనే టేబుల్‌తో ఒక డేటాబేస్ పెట్టుకుని, నిండిన ప్రతి వాల్ ఫైలునూ వేరే డైరెక్టరీకి కాపీ చేసేలా ఆర్కైవ్ కమాండ్ అమర్చాలి. మామూలుగా ఒక్కో వాల్ ఫైలు 16 మెగాబైట్లు. ఉదయం 10 గంటలకు పీజీ-బేస్‌బ్యాకప్‌తో నకలు తీయాలి. తర్వాత టేబుల్‌లో కొన్ని వరుసలు చేర్చి, 10:42కు టేబుల్‌ను డ్రాప్ చేయాలి. ఇప్పుడు 10:41 నాటి స్థితి వెనక్కి కావాలి.

సర్వర్‌ను ఆపాక మొదట చేయవలసిన పని పాడైన డేటా డైరెక్టరీని చెరపకుండా పక్కకు జరపడం. చివరి వాల్ ఫైలు నిండకపోతే అది ఇంకా ఆర్కైవ్‌కు చేరి ఉండకపోవచ్చు, చివరి నిమిషాల మార్పులు అందులోనే ఉంటాయి. తర్వాత 10 గంటల నకలును ఆ స్థానంలో పెట్టి, పక్కన పెట్టిన డైరెక్టరీలోని వాల్ ఫైళ్లను దానిలోకి కాపీ చేయాలి. ఆర్కైవ్ నుంచి వాల్ తెచ్చుకునే రిస్టోర్ కమాండ్‌నూ, లక్ష్య సమయాన్నీ సెట్టింగుల్లో రాసి, ‘రికవరీ.సిగ్నల్’ అనే ఖాళీ ఫైలు ఉంచి సర్వర్‌ను మొదలుపెట్టాలి. అది వాల్‌ను వరుసగా వర్తింపజేస్తూ లక్ష్యం దగ్గర ఆగుతుంది. ఆ స్థితిలో డేటాను చదవవచ్చు, మార్చడం కుదరదు. టేబుల్ సరిగ్గా ఉందని చూసుకున్నాకే ముందుకు సాగమని ఆదేశం ఇవ్వాలి. అప్పటి నుంచి సర్వర్ కొత్త టైమ్‌లైన్‌లో నడుస్తుంది, పాత చరిత్ర ఆర్కైవ్‌లో చెదరకుండా ఉంటుంది.

ఇక్కడ కొత్తవారిని ఎక్కువగా దెబ్బతీసేది టైమ్ జోన్. క్లౌడ్ సర్వర్లు సాధారణంగా యూటీసీ అనే ప్రపంచ ప్రామాణిక కాలంలో నడుస్తాయి. భారత కాలమానం దానికంటే 5 గంటల 30 నిమిషాలు ముందుంటుంది. జోన్ చెప్పకుండా 10:41 అని రాస్తే సర్వర్ దాన్ని యూటీసీగా తీసుకుంటుంది. మన 10:41 యూటీసీలో ఉదయం 5:11. ఆ తేడాతో లక్ష్యం డ్రాప్ జరిగిన క్షణాన్ని దాటి ముందుకు పోతుంది, పోయిన టేబుల్ పోయినట్టే ఉంటుంది. సమయం వెంట ప్లస్ 5:30 అని రాయడం అలవాటు చేసుకోవాలి.

ఆర్కైవ్ కమాండ్‌లోనూ ఒక మెలిక ఉంది. ఆర్కైవ్ డిస్క్ నిండి కాపీ విఫలమైతే పోస్ట్‌గ్రెస్ ఆ వాల్ ఫైళ్లను తీసేయదు, మళ్లీ మళ్లీ ప్రయత్నిస్తూ పోగుచేస్తుంది. ఎవరూ పట్టించుకోకపోతే చివరికి అసలు డిస్కూ నిండి సర్వర్ ఆగిపోతుంది. డేటాను కాపాడటానికి పెట్టిన ఏర్పాటే సేవను ఆపేసే స్థితి ఇది. అందుకే ఆర్కైవ్ వెనుకబాటును కనిపెట్టి చూడటం కూడా బ్యాకప్ పనిలో భాగమే.

ప్రణాళిక

ఎంత తరచుగా బ్యాకప్ తీయాలన్నది రెండు అంకెల మీద ఆధారపడుతుంది. ఎంతసేపటి డేటా పోయినా ఓర్చుకోగలమన్నది ఆర్‌పీఓ. ఎంతసేపట్లో సేవ మళ్లీ మొదలవ్వాలన్నది ఆర్‌టీఓ. రోజూ రాత్రి 2 గంటలకు డంప్ మాత్రమే తీసే సంస్థలో సాయంత్రం 5కు డిస్క్ పోతే 15 గంటల పని పోతుంది. లాగ్‌ను 15 నిమిషాలకోసారి పంపితే నష్టం ఇంచుమించు 15 నిమిషాలకు తగ్గుతుంది. రెండో అంకెకు కూడిక, భాగహారం చాలు. సెకనుకు 100 మెగాబైట్లు కదిలే దారిలో 1 టెరాబైట్ నకలు రావడానికి 10,000 సెకన్లు, అంటే సుమారు 2 గంటల 47 నిమిషాలు పడుతుంది. లాగ్‌ను వర్తింపజేసే సమయం దానికి అదనం.

భద్రపరచడంలో 3-2-1 సూత్రం ప్రసిద్ధం: మూడు ప్రతులు, రెండు రకాల మాధ్యమాలు, ఒకటి వేరే ఊళ్లో. రాన్సమ్‌వేర్ బ్యాకప్‌లనూ వెతికి పాడుచేస్తుంది కాబట్టి ఒక ప్రతిని నెట్‌వర్క్‌కు అందకుండానో, గడువు తీరేదాకా ఎవరూ చెరపలేని విధంగానో ఉంచుతారు. బ్యాకప్ ఫైలు దొంగల చేతికి చిక్కితే డేటాబేస్ మొత్తం చిక్కినట్టే కనుక దాన్ని ఎన్‌క్రిప్ట్ చేయాలి. ఆ తాళంచెవిని అదే సర్వర్‌లో ఉంచితే సర్వర్‌తోపాటు అదీ పోతుంది, బ్యాకప్ ఉండీ తెరవలేని పరిస్థితి వస్తుంది. భారతదేశపు 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టం వ్యక్తిగత డేటాకు తగిన భద్రత కల్పించే బాధ్యతను దాన్ని వాడే సంస్థల మీద పెట్టింది. ఆ చట్టం ప్రకారం, అవసరం తీరిన డేటాను తుడిచేయాలి కూడా. అందుకే పాత బ్యాకప్‌లను ఎన్నాళ్లు ఉంచాలో గడువు రాసుకోవడం అవసరమైంది.

రిస్టోర్ పరీక్ష

బ్యాకప్ జాబ్ విజయవంతమైందని వచ్చిన సందేశం ఫైలు తయారైందని మాత్రమే చెబుతుంది. ఆ ఫైలు నుంచి డేటాబేస్ లేస్తుందో లేదో రిస్టోర్ చేస్తేనే తెలుస్తుంది. ఈ విషయంలో ఎక్కువగా ఉదహరించే ఘటన ప్రోగ్రామ్ కోడ్‌ను భద్రపరిచే సేవ నడిపే గిట్‌ల్యాబ్‌లో 2017 జనవరి 31న జరిగింది. రెప్లికేషన్ సమస్యను సరిచేస్తున్న ఇంజనీరు ఒకరు రెండో సర్వర్ అనుకుని ప్రధాన సర్వర్‌లో డేటా డైరెక్టరీని చెరిపే ఆదేశం ఇచ్చారు. తప్పు తెలిసి ఒకటి రెండు సెకన్లలో ఆపినా సుమారు 300 గిగాబైట్లలో మిగిలింది 4.5 గిగాబైట్లే. రోజువారీ డంప్ కోసం చూస్తే అది చాలాకాలంగా తయారే కావడం లేదు. సర్వర్ పోస్ట్‌గ్రెస్ 9.6 కాగా, డంప్ పరికరం 9.2 వెర్షన్‌ది కావడంతో ప్రతిసారీ విఫలమవుతోంది. వైఫల్యాన్ని తెలిపే ఈమెయిళ్లను మెయిల్ సర్వర్ తిరస్కరిస్తుండటంతో ఎవరికీ తెలియలేదు. టెస్టింగ్ పని కోసం ఆరు గంటల ముందు తీసిన ఒక డిస్క్ స్నాప్‌షాట్ వారిని ఆదుకుంది. ఆ ఆరు గంటల్లో చేరిన దాదాపు 5,000 ప్రాజెక్టులు, 5,000 వ్యాఖ్యలు, 700 కొత్త ఖాతాల వివరాలు తిరిగి రాలేదు. జరిగినదంతా సంస్థ దాచకుండా ప్రచురించడం వల్ల అది ఈ వృత్తిలో పాఠంగా నిలిచింది.

ఈ రకమైన వైఫల్యానికి విరుగుడు క్రమం తప్పని రిస్టోర్ అభ్యాసం. వారానికోసారి తాజా బ్యాకప్‌ను వేరే మెషిన్‌లోకి తానే రిస్టోర్ చేసే స్క్రిప్ట్ పెట్టుకోవచ్చు. పోస్ట్‌గ్రెస్‌లో పీజీ-వెరిఫైబ్యాకప్, ఆర్‌మ్యాన్‌లో వ్యాలిడేట్, ఎస్‌క్యూఎల్ సర్వర్‌లో వెరిఫై-ఓన్లీ వంటి ఆదేశాలు ఫైలు చెక్కుచెదరలేదని చూసిపెడతాయి కానీ పూర్తి రిస్టోర్‌కు సాటిరావు. మూణ్నెల్లకో ఆర్నెల్లకో ఒకసారి మనుషులే కూర్చుని, రాసిపెట్టుకున్న మెట్లను మాత్రమే చూస్తూ రికవరీ చేయాలి. బ్యాకప్ ఏర్పాటు చేసిన వ్యక్తి పక్కన నిలబడి, దాన్ని ఎరగని మరొకరి చేత చేయిస్తే రాతలోని లోటు బయటపడుతుంది. ప్రతి అభ్యాసానికీ మూడు వివరాలు నమోదు చేసుకోవాలి: ఏ బ్యాకప్ వాడారు, మొదలు నుంచి చివరకు ఎంతసేపు పట్టింది, వెనక్కి వచ్చిన ఆఖరి వరుస ఏ సమయానిది. రెండో అంకె ఆర్‌టీఓతో, మూడోది ఆర్‌పీఓతో సరిపోతే ఆ బ్యాకప్‌ను నమ్మవచ్చు.